అత్త లేని గ్రాఫ్

26 సెప్టెంబర్ 1999, ఆదివారం

డిసెంబర్ 31తో నా రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఐదేళ్ల చదువు గోవిందా. పెళ్లయిందని జాలిపడి ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించరు.

గైడ్ దేవరాజులు సార్ మొన్న ఒక మాటన్నారు. నా గ్రాఫ్‌లన్నీ కాగితం మీదే పుట్టి కాగితం మీదే చస్తున్నాయట. చుక్కలు పెట్టడం, ప్రతి రెండు చుక్కల మధ్యా గీత ఉందా లేదా అని బొమ్మా బొరుసూ వెయ్యడం. ర్యాండమ్ గ్రాఫ్. నా థియరమ్ అంతా దాని మీదే. అలా వేస్తే ప్రతి చుక్కకూ దాదాపు సగటు లెక్కలోనే గీతలు పడతాయి, ఎవరూ మరీ గొప్పా కాదు, మరీ బీదా కాదు. అది బాగానే ఉంది, నిజమైన నెట్‌వర్క్ ఒక్కటైనా చూపించు అన్నారు. లేకపోతే ఈ అమ్మాయి ఎప్పుడైనా వీధిలోకి వచ్చిందా అని ఎగ్జామినర్లు అడుగుతారట.

టెలిఫోన్ ఆఫీసుకు పోయి, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో లెక్క ఇస్తారా అని అడిగాను. పోలీసు వాళ్ల పిల్లవా అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం అత్త అటక మీంచి కొలువు బొమ్మల ట్రంకుపెట్టె దించమంది. పాత పేపర్లలో చుట్టిన బొమ్మలు. ఒక్కోదాన్నీ విప్పుతూ, పోయినేడు ఎవరెవరు మా కొలువుకు వచ్చారో, మేం ఎవరింటికి పోయామో, ఎవరు ఎవరింటికి పోవడం మానేశారో చెప్పుకుంటూ పోయింది. నేను కొట్టు చెట్టియారు బొమ్మ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చుక్కలంటే ఇళ్లు. గీతలంటే కొలువు పేరంటాలు. తిరువొత్తియూరులో మా కాలనీ మొత్తం ఒక గ్రాఫ్.

ట్రంకుపెట్టెలో ఉన్నదాని కోసం టెలిఫోన్ ఆఫీసు గడప తొక్కాను. నా అంత తెలివైనది ఇంకొకతె ఉండదు.

3 అక్టోబర్, ఆదివారం

అత్తతో సౌకార్‌పేట పోయి వచ్చాను. తాంబూలంలో పెట్టే రవిక గుడ్డలు కట్టలకు కట్టలు అక్కడే దొరుకుతాయి. ఆటోవాడు సందులోకి రానని దింపేస్తే జనంలో పడి నడిచాం. అత్త సేటుతో హిందీలో బేరం మొదలుపెట్టి, తమిళంలో తిట్టి, తెలుగులో నాతో చాలించుకుందాం పద అని, చివరికి తన ధరకే కొన్నది.

రవిక గుడ్డ సంగతి పెళ్లికి ముందు నాకు తెలియదు. మా అమ్మ కొలువు పెట్టేది కాదు. ఆ గుడ్డను ఎవరూ కుట్టించుకోరు. ఈ ఇంట్లో తీసుకుంటారు, బీరువాలో పెడతారు, ఇంకో ఇంటావిడకు ఇస్తారు. ఆవిడ ఇంకొకరికి. ఇచ్చినామెకే తిరిగి ఇవ్వకూడదు, అదొక్కటే నియమం. ఇంకోటి కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. ఎవరిచ్చారని అడగకూడదు. అందరికీ తెలుసు, ఎవరికీ తెలియనట్టు ఉంటారు.

రామచిలుక పచ్చ గుడ్డ ఒకటి నాకు తెగ నచ్చి కట్టలోంచి పైకి తీశాను. ఇంటికొచ్చాక దాని మడతలు పాతవిగా కనబడుతున్నాయని ఇస్త్రీ చేయబోయి ఒక మూల కాల్చాను. అత్త వచ్చి చూసింది. కాలిన మూలను లోపలికి మడిచి, కట్టలో పెట్టి వెళ్లిపోయింది. అంతే. మా అమ్మయితే ఈపాటికి సముద్రం దాకా వినబడేది. ఇట్లాంటి అత్త దొరకడం నా పూర్వజన్మ సుకృతం, ఇది రాసి పెట్టుకోవాలి.

10 అక్టోబర్, ఆదివారం

కొలువు మొదలు. మా ఆయన సాయిరామ్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చి బల్లలతో మెట్లు కట్టాడు. ఒకటి ఊగుతోంది. రాముడి పట్టాభిషేకం కింద అట్టముక్క పెట్టాం.

అందరికంటే ముందు పక్కింటి ఆరోగ్యమేరి గారు వచ్చారు. చర్చి నుంచి నేరుగా. ఏటా వస్తారట. ఎదురు వరుసలోకి కొత్తగా వచ్చిన కోకిల అనే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు. ఇద్దరికీ తాంబూలం నేనే ఇచ్చాను. ఆరోగ్యమేరి గారి చేతికి నా రామచిలుక పచ్చ వెళ్లింది. కొంచెం దిగులేసింది.

12 అక్టోబర్, మంగళవారం

తూర్పు వరుస పూర్తయింది. మీ ఇంటికి ఎవరొచ్చారు, మీరెవరింటికి పోయారు అని అడుగుతున్నాను. పోయినేడుది, ఈ ఏటిది. ఆడవాళ్లు ఎంత సంతోషంగా చెబుతున్నారో. మా సంగతి అడిగినవాళ్లే లేరమ్మా అంది ఒకావిడ. ప్రతి ఇంట్లో సుండలు, అదే శనగల గుగ్గిళ్లు, పెట్టారు. ఇక జన్మలో శనగలు తినను.

14 అక్టోబర్, గురువారం

నా థియరమ్‌కు ఏం రోగం వచ్చిందో తెలియడం లేదు.

ఇప్పటిదాకా అడిగిన ఇళ్లను డిగ్రీ ప్రకారం పేర్చాను. డిగ్రీ అంటే ఒక ఇంటికి ఎన్ని గీతలున్నాయో అది. మధ్యలో గుట్టలా పోగవ్వాలి. అవ్వలేదు. చాలా ఇళ్లకు రెండు మూడు గీతలే. కొన్నింటికి పది. అన్నింటినీ దాటి, కాగితం కుడి అంచు దగ్గర, ఒంటరిగా ఒక చుక్క. మా ఇల్లు. కాలనీలో సగం కొంపలు మా ఇంటికే వచ్చాయి. బొమ్మా బొరుసూ లెక్కలో ఇట్లాంటి ఇల్లు పుట్టాలంటే సృష్టి మొదలైనప్పటి నుంచి కొలువులు పెట్టినా చాలదు.

ఊరికే లాగ్ పేపర్ మీద వేసి చూశాను. అన్ని చుక్కలూ ఒక గీతలో దిగుతున్నాయి, బారుగా, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీత చివర్న సరిగ్గా మా అత్త. ఎందుకో అర్థం కాలేదు.

15 అక్టోబర్, శుక్రవారం

సార్‌కు చూపించాను. సొంత ఇంటిని ఎవరైనా లెక్కలో పెట్టుకుంటారా, నువ్వున్నావు కాబట్టి ఎక్కువ లెక్క తేలింది, ఔట్‌లయర్, తీసెయ్ అన్నారు. తీసేశాను. పెద్ద ఇల్లు పోయాక మిగతావి నా థియరమ్‌లో ఇరుక్కుని ఎలాగో కూర్చున్నాయి. అయితే గ్రాఫ్ ముక్కలైంది. మా వైపు ఇళ్లు ఒక ముక్క, వీధి ఆ చివరివి ఒక ముక్క, అయిదారు ఇళ్లు ఎవరికీ కాకుండా. అది కూడా గీసి ఫైలులో పెట్టాను.

సార్ తృప్తిపడ్డారు. నేనూ పడాలి. పడమటి వరుస ఒక్కటి అడిగేస్తే డేటా అయిపోతుంది.

ఇంటికొచ్చేసరికి అత్త నా కోసం దోసెపిండి ఆపి పెట్టుకుని కూర్చుని ఉంది. పాపం, ఆమెను తీసేసిన సంగతి ఆమెకు తెలియదు.

17 అక్టోబర్, ఆదివారం

కొంప ముంచాను.

పడమటి వరుసలో చివరి ఇల్లు పంకజం గారిది. అసోసియేషన్ సెక్రటరీ భార్య. ఆ వరుసలో ఆమె ఊ అంటేనే అందరూ ఊ అంటారు. వాళ్ల కొలువుకు ఒక్కదాన్నే పోయాను. తాంబూలం ఇచ్చారు. పైన రవిక గుడ్డ. రామచిలుక పచ్చ. అక్కడే, అందరి ముందూ, మడత విప్పాను. మూల కాలి ఉంది.

నాకు ఒళ్లు తెలియలేదు. మా ఇంట్లోంచి బయలుదేరిన గుడ్డ వారం తిరిగేసరికి మళ్లీ నా చేతికి వచ్చింది. గ్రాఫ్‌లో ఇంతకంటే అందమైన సంగతి ఏముంటుంది? ఇది నేనిచ్చిందే, మీకెవరిచ్చారు అని అడిగేశాను. గట్టిగా. నవ్వుతూ.

చాపల మీద కూర్చున్న వాళ్లంతా బొమ్మలైపోయారు. పంకజం గారు నా వంక చూడకుండా కోకిల పేరు చెప్పి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ బయటికి రాలేదు. నేను ఇల్లు చేరేలోపే కబురు అత్తను చేరింది. అత్త గుడ్డ నా చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టింది. ఈసారి కాలిన మూల లోపలికి మడవలేదు.

18 అక్టోబర్, సోమవారం

సరస్వతీ పూజ. పుస్తకాలు ముట్టుకోకూడదు. ముట్టుకునే పనీ లేదు. పడమటి వరుసలో ఒక్క తలుపూ తెరవలేదు. ఎవరి గుడ్డ ఎవరికి దాటిస్తున్నామో కోడలు పిల్ల పరీక్ష పెట్టి పట్టుకుంటోందని అనుకుంటున్నారట. కాలనీలో సగం లేకపోతే నాకు డేటా లేదు, డేటా లేకపోతే థీసిస్ లేదు. చేతులారా చేసుకున్నాను.

కోకిల ఒక్కతే మాట్లాడింది. తనింటికి మొదటిసారి వచ్చిన పిల్ల వట్టి చేతులతో పోకూడదని ఆరోగ్యమేరి గారు ఆ గుడ్డ ఇచ్చారట. అయిదు బొమ్మలతో కొలువు పెట్టుకుని, పెద్దావిడ కదా అని పంకజం గారిని పిలిచి ఆమెకిచ్చిందట. తప్పా అక్కా అని అడిగింది. తప్పు నాదేనన్నాను.

ఊరికే అడిగాను, కొత్తగా వచ్చి మొదట మా ఇంటికే ఎందుకొచ్చావని. ఆరోగ్యమేరి గారు తీసుకొచ్చారంది. ఆరోగ్యమేరి గారిని అడిగాను. ఆమెను కొత్తలో ఇంకొకావిడ తీసుకొచ్చిందట, ఆ ఇంకొకావిడనూ ఎవరో తీసుకొచ్చారట. ఎవరూ బొమ్మా బొరుసూ వెయ్యలేదు! పోయేవాళ్లు కొత్తవాళ్లను వెంట తీసుకుపోయారు. ఏ ఇంటికి ఎక్కువమంది పోతున్నారో ఆ ఇంటి పేరే కొత్తవాళ్ల చెవిన ఎక్కువ పడుతుంది. కాలనీలో మొదట పాలు పొంగించిన ఇల్లు మాది. ఉన్న ఇంటికే వస్తారు, వచ్చిన ఇంటికే ఇంకా వస్తారు.

అత్తను కూడా అడిగాను, ఇంతమంది మనింటికే ఎందుకొస్తారని. తన సుండలు రుచి వల్ల అంది. సందేహమే లేదట.

19 అక్టోబర్, మంగళవారం

విజయదశమి. పొద్దున అత్త పట్టుచీర కట్టుకుని, నన్ను రమ్మని, పంకజం గారింటికి నడిచింది. అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. అత్త కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"పంకజం, ఆ పచ్చగుడ్డ పోయినేడు నువ్వు నాకిచ్చిందే. నేను దాన్ని మేరికి దాటించినాను. అది తిరిగి తిరిగి నీ చేతికొచ్చి, ఆడనుంచి మళ్లా నా ఇంటికి చేరింది. సిగ్గుపడాల్సింది నేను గదా, నువ్వెందుకు పడతావు?"

పంకజం గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగలేదు. అప్పుడు అందరూ మొదలుపెట్టారు, ఒకావిడ తన గుడ్డ మూడేళ్లు తిరిగొచ్చిందని, ఇంకొకావిడ తన ఆడపడుచుకే ఆమె గుడ్డ ఇచ్చి చచ్చినంత పనైందని. అబ్బ, ఎన్ని కథలు. నేను ఏమీ అడగకుండానే ఎవరింటికి ఎవరు పోతారో అంతా చెప్పేశారు. పడమటి వరుస పూర్తయింది.

శుద్ధ అబద్ధం. ఆ గుడ్డ సౌకార్‌పేటలో కొని పదిహేను రోజులు అయింది. ఎన్నడూ మాట పడని మనిషి నా కోసం నలుగురిలో మాట పడింది. తిరిగి వచ్చేటప్పుడు థాంక్స్ చెప్పాలని నోరు తెరిచాను. అత్త కొత్తిమీర కొనాలి గుర్తు చెయ్యి అంది.

25 అక్టోబర్, సోమవారం

వచ్చేసింది! బారు గీత లెక్కలోంచి దానంతట అదే వచ్చేసింది.

ఒక్కో కొత్త ఇల్లు వస్తుంది. పాత ఇళ్లలో ఒకదానితో కలుస్తుంది, దాని డిగ్రీ ఎంతో అంత అవకాశంతో. ఇంతే నియమం. ఇలా పెరుగుతూ పోతే, పాత ఇంటి డిగ్రీ కాలానికి వర్గమూలంలా పెరుగుతుంది. డిగ్రీ రెట్టింపైన చోట అలాంటి ఇళ్లు ఎనిమిదో వంతుకు పడిపోతాయి. అయినా పూర్తిగా మాయమవ్వవు, ఎంత దూరం పోయినా ఎక్కడో ఒక అత్త ఉంటుంది. ఈ కాలనీకి సగటు ఇల్లంటూ లేదు. చిన్న ముక్కను చూసినా, మొత్తం చూసినా, గీత వాలు ఒకటే. మా కాలనీ లెక్క కూడా దాదాపు ఆ వాలులోనే ఉంది, అత్తతో సహా.

నా పాత థియరమ్ ఉత్తదైపోయింది. అయినా ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. సాయిరామ్‌కు చెబితే, అయితే మా అమ్మకు వర్గమూలం ఉందా అన్నాడు.

24 నవంబర్, బుధవారం

అయిపోయింది.

లైబ్రరీకి అమెరికా జర్నల్ ఆలస్యంగా వస్తుంది. ఇవాళ వచ్చింది. ఇద్దరు రాశారు. వెబ్ పేజీలు, సినిమా నటులు, కరెంటు గ్రిడ్డు. పెరుగుదల, ఉన్నవాళ్లకే ఇంకా రావడం, బారు గీత, అదే వాలు. అన్నీ. నా కాగితాలు చూసి రాశారా అన్నంత. సంచిక తేదీ అక్టోబర్ 15. నేను అత్తను గ్రాఫ్‌లోంచి తీసేసిన రోజు.

సెంట్రల్ స్టేషన్‌లో రెండు లోకల్ రైళ్లు వదిలేసి బెంచీ మీద కూర్చున్నాను. నా పాత సిద్ధాంతం లోకంలో లేని దాని గురించి. కొత్తది వేరేవాళ్లది. చేతిలో ఉన్నది ఇంకో నెల.

26 నవంబర్, శుక్రవారం

సార్ ఆ జర్నల్ ముందే చదివేశారు. నేను పోగానే కుర్చీ చూపించి, తలుపు వేసి వచ్చారు.

"నేను తీసెయ్యమన్న ఇంటినే వాళ్లు సూత్రం చేసినారమ్మా. తప్పు నాది. నీది కాదు."

పాతికేళ్లుగా ఆయన క్లాసులో తప్పు అన్న మాట బోర్డు మీది లెక్కల గురించే విని ఉంటారు పిల్లలు. నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ ఫైలు ముందుకు తోశాను, ఏం చేస్తున్నానో తెలియక. ఆయన తిప్పుతూ ఒకచోట ఆగారు. మా ఇల్లు తీసేశాక ముక్కలైన గ్రాఫ్. చాలాసేపు చూశారు. ఈ పేపర్‌లో ఇది లేదు కదా అన్నారు.

లేదు.

4 డిసెంబర్, శనివారం

కంప్యూటర్ ల్యాబ్ వాళ్లు వారమంతా ఒక మెషీన్ నాకు వదిలేశారు. అడిగినవాళ్లెవరూ కాదనడం లేదు ఈ నెల. ఎన్ని ఉపకారాలు తీర్చుకోవాలో.

కాలనీలో ఏవో కొన్ని ఇళ్లను కళ్లు మూసుకుని తీసేశాను. ఏమీ కాలేదు. ఇంకొన్ని తీశాను. గ్రాఫ్ కిక్కురుమనలేదు, అందరూ ఏదో దారిన అందర్నీ చేరుతూనే ఉన్నారు. ఎందుకంటే యాదృచ్ఛికంగా తీస్తే పడేది చాలావరకు రెండు గీతల ఇళ్లే. అప్పుడు అవన్నీ తిరిగి పెట్టి, మా అత్తను ఒక్కదాన్ని తీశాను. చీలింది. పంకజం గారినీ తీశాను. కోకిల ఒంటరిది. ఆరోగ్యమేరి గారు ఒంటరివారు. ర్యాండమ్ గ్రాఫ్‌కు ఇట్లా జరగదు, అక్కడ ఎవరు పోయినా ఒకటే. ఈ నెట్‌వర్క్ ప్రమాదాలకు గట్టిది, పెద్దదిక్కు పోతే మాత్రం పెంకులాగా పగులుతుంది. రెండూ ఒకే గీతలోంచి వస్తున్నాయి. ఎంత శాతం తీస్తే పగులుతుందో సాధించగలను. సగం సాధించాను.

సార్ తప్పు సలహా ఇవ్వకపోతే ఆ గ్రాఫ్ గీసేదాన్నే కాదు. దేవుడా, ఎవరికి మొక్కను?

13 డిసెంబర్, సోమవారం

ప్రూఫ్ పూర్తి. సార్ ఒక మెట్టు దగ్గర పట్టుకున్నారు, సర్దాను.

21 డిసెంబర్, మంగళవారం

టైపింగ్. అత్త పక్కన కూర్చుని కాగితాలు వరుస తప్పకుండా పేరుస్తోంది. ఈ నెలంతా నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. తన గురించి ఏమి రాశానని అడిగింది. నువ్వు లేకపోతే ఈ కాలనీ ముక్కలు ముక్కలని రాశానన్నాను. నా మొహం చూసింది, వేళాకోళమేమోనని. కాదని తెలిశాక చెంగుతో ముక్కు తుడుచుకుంది. పో మే, సుండలు సంగతి రాసినావా అంది.

కృతజ్ఞతల పేజీలో కమలాంబ అని ఆమె పేరు మొదట పెట్టాను. సార్ పేరు రెండోది. సార్ చదివి, ఆర్డర్ కరెక్టే అన్నారు.

30 డిసెంబర్, గురువారం

ఇచ్చేశాను. అయిదు కాపీలు. క్లర్కు స్టాంపు గుద్దాడు.

ఇంటికి రాగానే అత్త నన్ను దేవుడి ముందు పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది, పరాయి ఇంటి ముత్తయిదువకు ఇచ్చినట్టు. ఆకువక్క, కొబ్బరికాయ, పైన రామచిలుక పచ్చ గుడ్డ.

"ఇది తిరిగింది చాలు. కుట్టించుకో మే."

ఈ ఇంట్లో రవిక గుడ్డను కుట్టించుకోమనడం అదే మొదలట. సాయిరామ్ చెప్పాడు. నేను ఆమె కాళ్లకు దండం పెట్టాను, లేవడానికి చాలాసేపు పట్టింది.

31 డిసెంబర్, శుక్రవారం

టైలర్‌కు గుడ్డ ఇచ్చాను. కాలిన మూల కత్తిరించి పారేస్తానన్నాడు. ఏదీ తీసెయ్యొద్దన్నాను.